గృహ పరిశ్రమలు: ఇంటిలో బొమ్మలకు అచ్చులు చేయుట

గృహ పరిశ్రమలను గూర్చి మేము వ్రాయుచున్న ఈ పుటలకు సోదరీమణులు పంపు జాబులలో ఒక ప్రశ్న తఱచుగా కానవచ్చుచున్నది. ప్లాస్టిక్ బొమ్మలను ఇంటిలోనే చేసి అమ్ముకొనవచ్చునా? అందులకు కావలసిన అచ్చులను స్త్రీలు స్వయముగా చేసికొనగలరా? ఒక సోదరి మఱియొక సంగతిగూడ వ్రాసినది. ఎవరో వచ్చి, ‘యంత్రమును మాయొద్ద కొనుడు, మీరు చేసిన బొమ్మలను మేమే తిరిగి కొందుము’ అని నమ్మబలుకగా, మెడలోని గొలుసును కుదువబెట్టి ఆ యంత్రమును కొనదలచితినని తెలిపి, మా యభిప్రాయము కోరినది.

అమ్మా, ఆ గొలుసును మెడలోనే యుంచుకొనుము. ఇదియే మా మొదటిమాట. బొమ్మలను తిరిగి కొందుమని చెప్పి యంత్రములను అంటగట్టువారి లాభము యంత్రమును అమ్ముటలోనే తీఱిపోవును. తరువాత మీ బొమ్మలు ‘నాణ్యముగా లేవు’ అను ఒక్క మాటతో వారు తప్పించుకొనగలరు. అట్లని పరిశ్రమయే వలదని మేము చెప్పము. యంత్రము లేకయే, కొలది పెట్టుబడితో, చల్లని పోతతో చిన్న బొమ్మలను చేయు మార్గమున్నది. ఆ మార్గమును, అందలి అపాయములను, దానిని అమ్ముకొనుటలో చట్టము విధించిన హద్దులను ఈ మాసమున వివరింతుము.

అచ్చు మనకు క్రొత్తది కాదు

మన యిండ్లలో అచ్చు నెఱుగని స్త్రీ యరుదు. కజ్జికాయల అచ్చును, జంతికల గొట్టమును ఎన్నడును పట్టనివారెవరు? పెండ్లిండ్లలో సారె పెట్టు పంచదార చిలుకలను తలచుకొనుడు. రెండు కొయ్యపలకలలో చెఱియొక సగము చిలుకను తొలిచి, పలకలను కలిపి కట్టి, ముదురు పాకమును పైనుండి పోసి, చల్లాఱిన పిదప విడదీయుదురు. అచ్చుల శాస్త్రమంతయు ఆ కొయ్యపలకలలోనే యిమిడియున్నది. రెండు సగములు, అవి కలియు గీత, పాకము పోయు నోరు, అంటుకొనకుండ జేయు ఉపాయము, చల్లాఱువఱకు ఓర్పు, ఈ యైదును తెలిసినచో తక్కినది అభ్యాసమే.

బొమ్మల కొలువులో పెట్టు మట్టి బొమ్మలలో పెక్కింటిని గూడ రెండు భాగముల అచ్చులలో మట్టిని నొక్కి, అతికి, ఆఱబెట్టి, కాల్చి చేయుదురు. కొండపల్లి బొమ్మలు మాత్రము వేఱు తెగకు చెందినవి. తెల్లపొణికి కఱ్ఱను చేతితో చెక్కి అవయవములను అతుకుదురు. ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిమెన పట్టి, తిరుగుచుండగా లక్కరంగు నద్దుదురు. వీనికి అచ్చు లేదు. అందువలననే ఏ రెండు బొమ్మలును ముమ్మూర్తుల నొకటిగా నుండవు. అచ్చుపోతకు అదియే భేదము. మొదటి బొమ్మకు పడిన శ్రమ నూఱవ బొమ్మకు పడదు, కాని మొదటి బొమ్మలోని లోపము నూఱింటను కనబడును.

కర్మాగారపు పోత, ఇంటి పోత

ప్లాస్టిక్ బొమ్మల చరిత్ర పొడవైనది కాదు. అమెరికాలో హయత్ అనునతడు 1870లో సెల్యులాయిడునకు పేటెంటు పొందెను. దానితో చేసిన బొమ్మలు చూపునకు ముద్దుగా నుండెడివి గాని నిప్పు సోకినంతనే భగ్గున మండెడివి. 1907లో బేక్‌లాండు పండితుడు బేకలైటును కనిపెట్టెను. డెన్మార్కు దేశమున 1932లో ఒక వడ్రంగి కొయ్యబొమ్మలు చేయ మొదలుపెట్టి, 1940 తరువాతి సంవత్సరములలో ప్లాస్టిక్ పోతయంత్రమును తెప్పించుకొనెను. అతని సంస్థయే లెగో. ఒకదానితో నొకటి బిగియు ఆ యిటుకల నేటి రూపమునకు 1958లో పేటెంటు కోరిరి. ఆ యిటుకలు ఏ దేశమున పోసినను ఒకదానిలో నొకటి సరిగా బిగియుటకు కారణము అచ్చులను వెండ్రుకవాసి తేడా లేకుండ చేయుటయే.

కర్మాగారములలో జరుగు పని యిది. ఏ.బి.యస్., పాలీప్రొపిలీను మొదలగు ప్లాస్టిక్ గింజలను సుమారు 200 డిగ్రీలకో, అంతకు పైగానో వేడిచేసి కరగించి, గొప్ప ఒత్తిడితో ఉక్కు అచ్చులోనికి చిమ్ముదురు. కొలది క్షణములలో బొమ్మ ఊడివచ్చును. ఉక్కు అచ్చును చెక్కించుటకు లక్షల రూపాయలు పట్టును. వేలకొలది బొమ్మలు పోసినగాని ఆ వెల రాదు. ఇది యింటి పని కాదు.

కొందఱు పాత బకెట్లను, విఱిగిన కుర్చీలను ముక్కలు చేసి పొయ్యిమీద కరగించి పోయవచ్చునని చెప్పుచుందురు. సోదరీమణులారా, ఈ పని ఎన్నడును చేయరాదు. పి.వి.సి. జాతి ప్లాస్టిక్ మాడినచో హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వెలువడి గొంతును, ఊపిరితిత్తులను కాల్చును. ఏ.బి.యస్. నుండి స్టైరీను వాసన వచ్చును. పైగా పాత ముక్క యే జాతిదో చూచినంతమాత్రమున చెప్పుట కష్టము. అన్నము వండు పొయ్యి విషమును వండుటకు కాదు.

ప్లాస్టిక్కులలో రెండు స్వభావములు గలవు. వెన్నవలె కాచిన కరగి, చల్లాఱిన గట్టిపడి, మరల కాచిన మరల కరగునది యొకటి. ఉడికిన కోడిగ్రుడ్డువలె ఒకమాఱు గట్టిపడినచో మరల కరగనిది రెండవది. కర్మాగారపు బొమ్మలు చాలవఱకు మొదటి తెగవి. ఇంటి పోతకు అనువైనది రెండవ తెగ. రెండు ద్రవములను కలిపిన పొయ్యి లేకయే అవి గట్టిపడును. దీనినే రెసిను పోత యందురు.

కావలసిన వస్తువులు

మూలపు బొమ్మకు నూనెమట్టి. అచ్చునకు సిలికాను రబ్బరు, దానిని గట్టిపఱచు మందు. అచ్చుపెట్టెకు దళసరి అట్ట గాని, నున్నని ప్లాస్టిక్ పలకలు గాని. ఒక గ్రాము తేడాను జూపు చిన్న త్రాసు, మందును తూచుటకు గ్రాములో పదవవంతును జూపునదైన మఱియు మేలు. కాగితపు గిన్నెలు, కలుపు పుల్లలు, చిన్న కుంచె, వాసెలిను, రబ్బరు పట్టీలు, నైట్రైలు చేతితొడుగులు, కండ్లకు అద్దాలు. ఈ గిన్నెలను, త్రాసును మరల వంటకు వాడరాదు. వానిపై గుర్తు పెట్టి వేఱు పెట్టెలో నుంచుడు.

సిలికానులో రెండు జాతులున్నవి. తగరపు మందుతో గట్టిపడునది చవుక. దానికి మందు నూటికి 2 మొదలు 5 పాళ్ల వఱకు, డబ్బాపై వ్రాసిన లెక్క ప్రకారము, కలుపవలయును. ఇది కాలక్రమమున కొలదిగా కుదించుకొనిపోవును. ప్లాటినపు మందుతో గట్టిపడునది వెల హెచ్చు. అది కుదించుకొనదు గాని మిక్కిలి సుకుమారము. గంధకము కలిసిన మట్టి తగిలినను, సాధారణ రబ్బరు చేతితొడుగులు సోకినను, తగరపు జాతికి వాడిన పుల్లతో కలిపినను అది గట్టిపడక జిగటగా మిగిలిపోవును. క్రొత్తగా నేర్చుకొనువారు తగరపు జాతితో మొదలుపెట్టుట మంచిది.

మూలపు బొమ్మ

ఆకారము మీ సొంతమై యుండవలయును. అంగడిలో కొన్న బొమ్మకు అచ్చు తీసి అమ్ముట పరుల సొత్తును అపహరించుటయే. 2000 సంవత్సరపు డిజైనుల చట్టము క్రింద నమోదైన ఆకారములకు రక్షణ యున్నది. కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు గూడ లభించినది. ఆ పేర్లు పెట్టి రెసిను బొమ్మల నమ్మరాదు. అట్టి పనివలన చట్టముమాట యటుండగా, ఆ యూళ్ల పనివారి నోటికూడు పోవును.

మొదటి బొమ్మకు మడతలు తక్కువగా నుండవలయును. నిలుచున్న ఏనుగు, కూర్చున్న పిల్లి, గుండ్రని గుడ్లగూబ తగినవి. సన్నని కాళ్లు, చాచిన చేతులు మొదట వలదు. మట్టిపై వ్రేలిముద్ర యున్నచో అదియు సిలికానులో దిగి, ప్రతి బొమ్మపైన కనబడును. కావున తడిపిన కుంచెతో నునుపు చేయుడు. మూలపు బొమ్మను కొయ్యతో చేసినచో వార్నిషు పూసి రంధ్రములను మూసివేయవలయును.

ఒంటి అచ్చు

వెనుక భాగము చదునుగా నున్న బొమ్మలకు, అనగా గోడకు అంటించు చిలుక, తోరణపు ఆకు వంటివానికి, ఒక్క భాగపు అచ్చు చాలును. చదునైన పలకపై బొమ్మను అంటించి, చుట్టును ఒక సెంటీమీటరు ఎడము విడిచి అట్టగోడ కట్టి, మూలలను మట్టితో మూసి, సిలికానును పోసినచో మఱునాటికి అచ్చు సిద్ధము. చేయి తిరుగువఱకు దీనినే నాలుగైదు మాఱులు చేయుడు.

జంట అచ్చు

ఏనుగువంటి నిండు బొమ్మకు రెండు సగములు కావలయును. క్రమమిది.

మొదట బొమ్మపై కలయిక గీతను నిర్ణయింపుడు. తొండపు కొన మొదలు వీపుమీదుగా తోకవఱకు, అచటినుండి కాళ్ల నడుమగా పోవు గీతను ఊహింపుడు. ఆ గీత వఱకు బొమ్మను ప్రక్కకు పండబెట్టి నూనెమట్టిలో పొదుగుడు. చుట్టును మట్టిని నునుపుగా సర్ది, దానిలో నాలుగైదుచోట్ల శనగగింజ దిగునంత గుంటలు పెట్టుడు. ఈ గుంటలవలననే రెండు సగములును తరువాత జాఱక సరిగా కూర్చుండును.

చుట్టును గోడ కట్టి, తూచిన సిలికానులో మందు కలిపి, గిన్నె యంచులను గీచుచు రంగు ఏకమగువఱకు నెమ్మదిగా కలుపుడు. గిలకొట్టినచో గాలి చేరును. ముందు కుంచెతో బొమ్మపై పలుచగా పూసి, పిదప పెట్టెలో ఒక మూల మాత్రమే సన్నని ధారగా, ఎత్తునుండి పోయుడు. సన్నని ధారలో బుడగలు తెగిపోవును, ద్రవము తానే పాకి బొమ్మను కప్పును. ఒక దినము కదల్చక విడువవలయును. వేసవిలో త్వరగాను, చలికాలమున ఆలస్యముగాను గట్టిపడును.

మఱునాడు పెట్టెను తిరుగవేసి మట్టిని తీసివేయుడు. బొమ్మను మాత్రము సిలికానునుండి కదల్పరాదు. ఇప్పుడు చేయవలసిన పనిని మఱచినవారి శ్రమయంతయు వ్యర్థమగును. గట్టిపడిన సిలికాను మీద క్రొత్త సిలికానును పోసినచో రెండును ఏకమై అంటుకొనును. సిలికానునకు సిలికాను అంటుకొనినంతగా మఱేదియు అంటదు. కావున మొదటి సగపు పైతలమంతటను వాసెలినును పలుచగా, గుంటలతో సహా, పూయవలయును. పిదప రెండవ సగమును పోయుడు.

గట్టిపడిన పిమ్మట విడదీసి బొమ్మను తీయుడు. ఏనుగును తలక్రిందుగా పోయుట మేలు. ఒక పాదమువద్ద పోతకు నోరు కోయుడు, తక్కిన మూడు పాదములవద్ద సన్నని గాలిదారులు కోయుడు. తొండపు కొన ఎత్తునకు తిరిగియున్నచో అచటను ఒక గాలిదారి యుండవలయును. ద్రవము దిగుచుండగా గాలి ఎచట చిక్కునో అచట బొమ్మకు గుంట పడును. మీ ఏనుగునకు ఒక పాదము లేకపోయినచో తప్పు రెసినుది కాదు, గాలిదారిది.

సిలికాను ఎంత కావలయునో లెక్క

ఏనుగు పొడవు 6, వెడల్పు 3, ఎత్తు 5 సెంటీమీటర్లు అనుకొందము. అన్ని వైపుల ఒక సెంటీమీటరు ఎడము విడిచినచో పెట్టె లోపలి కొలతలు 8, 5, 7 సెంటీమీటర్లు. వీనిని గుణించిన 280 ఘన సెంటీమీటర్లు. బొమ్మను నిండు నీటిపాత్రలో ముంచి, పొరలిన నీటిని కొలిచిన 40 వచ్చినదనుకొనుడు. మిగిలినది 240. సిలికాను నీటికంటె కొంచెము బరువు, ఘన సెంటీమీటరునకు సుమారు 1.15 గ్రాములు. కావున 276 గ్రాములు, గిన్నెకు అంటుకొని పోవుదానితో చేర్చి సుమారు 300 గ్రాములు, ఒక్కొక్క సగమునకు 150 గ్రాములు. మందు నూటికి 3 పాళ్లయినచో సగమునకు 4.5 గ్రాములు. కంటిచూపుతో మందు పోయువారి అచ్చు ఒకనాడు గట్టిపడక, ఒకనాడు చేతిలోనే గట్టిపడి, సొమ్ము వృథా యగును.

పోత

క్రొత్త అచ్చులో మొదట రెసినును పోయరాదు. ప్లాస్టరు ఆఫ్ పారిసును పోసి చూచుకొనుడు. జిప్సము రాయిని సుమారు 150 డిగ్రీలకు కాచి, దానిలోని నీటిలో ముప్పాతిక పోగొట్టినచో వచ్చు పొడియే యిది. నీరు కలిసినంతనే మరల రాయి యగును. 100 గ్రాముల నీటికి 140 మొదలు 150 గ్రాముల పొడిని నీటిపై చల్లి, రెండు నిమిషములు నాననిచ్చి, మెల్లగా కలిపి పోయుడు. నీటిని పొడిలో పోయరాదు, ఉండలు కట్టును. మిగిలినదానిని తూములో పోయరాదు, లోపల రాయియై దారిని మూయును.

ప్లాస్టరు నిరపాయమని తలచి పిల్లల చేతిముద్రలను దానిలో తీయబోవువారు గలరు. గట్టిపడునపుడు ప్లాస్టరు కాగును. 2007లో ఇంగ్లాండులోని ఒక పాఠశాలలో పదునాఱేండ్ల బాలిక తన చేతుల అచ్చు తీయుటకై ప్లాస్టరు ముద్దలో చేతులుంచి, అది బిగిసిపోగా బయటకు తీయజాలక, తీవ్రముగా కాలి, చాలవఱకు వ్రేళ్లను పోగొట్టుకొనెను. ప్లాస్టరులో చేతినిగాని, పసిపాదమునుగాని ఎన్నడును పొదుగరాదు.

ప్లాస్టరు బొమ్మ చక్కగా వచ్చిన పిదప రెసినును పోయవచ్చును. పాలీయురిథేను రెసినును సాధారణముగా రెండు ద్రవములను సమభాగములుగా కలిపి పోయుదురు. కలిపిన కొలది నిమిషములలోనే చిక్కబడును, అరగంటలో బొమ్మను తీయవచ్చును. దీనికి తేమ గిట్టదు. తడి తగిలినచో లోపల వాయువు పుట్టి నురుగువలె పొంగును. మన తీరపు జిల్లాలలో వానకాలమున డబ్బా మూత తెఱచి యుంచినచో తక్కిన ద్రవమంతయు చెడును. ఎపాక్సీ రెసిను నిదానమైనది. గట్టిపడుటకు ఒక దినము పట్టును గాని తొందరపాటు లేక పని చేసికొనవచ్చును. రెండింటను డబ్బాపై వ్రాసిన పాళ్లే ప్రమాణము. పెద్ద గిన్నెలో ఒకేమాఱు కలిపినచో తనంతట తానే కాగి పొగలు గ్రక్కును. కావున కొలదికొలదిగా కలుపుడు.

అచ్చు సగములను రెండు అట్టముక్కల నడుమ నుంచి రబ్బరు పట్టీలతో కట్టుడు. మిక్కిలి బిగించినచో మెత్తని సిలికాను నొక్కుకొని బొమ్మ వంకర యగును. తీసిన పిదప అతుకుగీతను గరుకుకాగితముతో, నీటితో తడుపుచు రుద్దుడు. పొడిగా రుద్దినచో రేణువులు ఊపిరిలోనికి పోవును.

ఊపిరి, చర్మము, కన్ను

లాభమును గూర్చి చెప్పువారు చాలమంది యున్నారు. దీనిని గూర్చి చెప్పువారు తక్కువ. కావున ఈ భాగమును రెండుమాఱులు చదువుడని ప్రార్థించుచున్నాము.

పాలీయురిథేనులో ఒక ద్రవమున ఐసోసయనేటులు అను పదార్థములుండును. వాని యావిరివలన ఉబ్బసము పుట్టవచ్చును. ఒకమాఱు దేహమునకు పడకపోయినచో, తరువాత అణుమాత్రము సోకినను ఆయాసము తిరుగబెట్టును. ఎపాక్సీని గట్టిపఱచు మందు చర్మమునకు తగిలి తగిలి దద్దుర్లను పుట్టించును. ముక్కునకు కొంగు చుట్టుకొనినను, గుడ్డముసుగు వేసికొనినను ఆవిరి ఆగదు. దానికి బొగ్గుపొర గల ముసుగు వేఱుగా నుండును. వంటయింటిలోను, పడకగదిలోను ఈ పని చేయరాదు. డాబామీదనో, గాలి యొకవైపునుండి వచ్చి మఱియొకవైపునకు పోవు వసారాలోనో చేయుడు. గర్భవతులును, పాలిచ్చు తల్లులును, ఉబ్బసము గలవారును దీనికి దూరముగా నుండవలయును. పిల్లలు ఆ దరికి రాకూడదు.

ఫైబరుగ్లాసు అంగళ్లలో పాలియెస్టరు రెసినును చవుకగా అమ్ముదురు. దానితో రెండు చిన్న సీసాల నిత్తురు. ఒకదానిలో పెరాక్సైడు, రెండవదానిలో కోబాల్టు మందు. ఈ రెండింటిని నేరుగా ఒకదానితో నొకటి కలిపినచో మండి, ప్రేలును. ఇంటిలో ఈ జాతి రెసిను వలదనియే మా నిశ్చితాభిప్రాయము.

లాభమెంత?

ధరలు ఊరూరికి మాఱును గనుక లెక్క చేయు పద్ధతిని మాత్రము చెప్పెదము. అచ్చునకు 600 రూపాయలు పట్టినదనియు, అది చిరుగువఱకు 30 బొమ్మలు వచ్చిననియు అనుకొనుడు. బొమ్మకు 20 రూపాయలు పడినట్లు తోచును. కాని 30లో 5 చెడిపోవును. అమ్ముడుపోదగినవి 25. కావున అచ్చు ఖర్చు బొమ్మకు 24 రూపాయలు. దీనికి రెసిను, రంగు, చేతితొడుగులు, గిన్నెలు చేర్చుడు. చెడిన అయిదింటిలో పోసిన రెసినును గూడ చేర్చుడు. చివరకు మీరు కూర్చున్న గంటలకు కూలి కట్టుడు. స్త్రీల శ్రమకు వెల లేదనుకొనుటవలననే పెక్కు గృహ పరిశ్రమలు లాభముగా కనబడి నష్టమున ముగియుచున్నవి. ఆ కూలి పోను ఏమైన మిగిలినచో అది లాభము.

అమ్మకము, చట్టము

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. కేంద్ర ప్రభుత్వము 2020లో బొమ్మల నాణ్యతను గూర్చి ఒక ఉత్తరువు జారీచేసెను. అది 2021 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము 14 ఏండ్ల లోపు పిల్లలు ఆడుకొను బొమ్మలకు భారతీయ ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండితీఱవలయును. అధికారికముగా నమోదైన హస్తకళాకారులు చేయు వస్తువులకును, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలను నమోదైన హక్కుదారులు చేసినచో వానికిని మినహాయింపు నిచ్చిరి. డాబామీద పోసిన రెసిను ఏనుగును, గుర్తు లేకుండ, పిల్లల ఆటబొమ్మయని అమ్ముట చట్టవిరుద్ధము.

ఈ కట్టుబాటు అనవసరపు చిక్కు కాదు. రెసిను బొమ్మ క్రింద పడిన పెళుసుగా విఱిగి అంచు కత్తివలె నుండవచ్చును. సరిగా గట్టిపడని రెసినును బిడ్డ నోటిలో పెట్టుకొనును. మూడేండ్ల లోపు బిడ్డల బొమ్మలను పరీక్షించుటకు 31.7 మిల్లీమీటర్ల వెడల్పు గల చిన్న గొట్టమును వాడుదురు. దానిలో పూర్తిగా ఇమిడిపోవు ఏ ముక్కయైనను గొంతున అడ్డుపడగలదు. ఏనుగు విఱిగిన తొండము దానిలో సులభముగా ఇముడును. రంగుల విషయము మఱియొకటి. సీసము కలిసిన పసుపు, ఎఱుపు రంగులు పిల్లల మెదడునకు హానికరములు. 2016లో మన ప్రభుత్వము గృహోపయోగపు రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని నియమించినది. డబ్బాపై సీసము లేదని వ్రాయని రంగును కొనకుడు.

అట్లయిన ఈ విద్యతో ఏమి చేయవచ్చును? బొమ్మల కొలువునకు అలంకార ప్రతిమలు, ద్వారపు తోరణములు, తాళపుచెవుల పలకలు, పెద్దలకు కానుకగా నిచ్చు చిన్న శిల్పములు చేయవచ్చును. ఇవి పిల్లల ఆటకు కావని సంచిపై స్పష్టముగా వ్రాయుడు. ఏనుగును పిల్లల చేతికే ఇయ్యవలెనన్న కోరికయున్నచో, అదే మూలపు బొమ్మకు ప్లాస్టరు అచ్చు తీసి, దానిలో మట్టి నొక్కి, కాల్చి, మీ యింటి పిల్లలకిండు. ప్లాస్టరు మట్టిలోని తేమను పీల్చుకొనును గనుక బొమ్మ సులభముగా వదలివచ్చును. రెసిను మాత్రము ప్లాస్టరు అచ్చులో పోయదగదు, తేమవలన పొంగును. అమ్మకము పెరిగి ఆటబొమ్మలే చేయదలచినచో నలుగురైదుగురు కలిసి సంఘముగా ఏర్పడి, ప్రమాణముల సంస్థవారి శాఖా కార్యాలయమునకు పోయి, అనుమతి పొందు మార్గమును తెలిసికొని, పిదప పెట్టుబడి పెట్టవలయును. అనుమతి ముందు, యంత్రము తరువాత.

గొలుసు కుదువబెట్టదలచిన సోదరికి మా సలహా నాలుగు మాటలలో చెప్పి ముగింతుము. ముందు నూనెమట్టితో మీ చేతనే ఒక బొమ్మ చేయుడు. కొలది సిలికానుతో ఒంటి అచ్చు తీయుడు. దానిలో ప్లాస్టరు పోసి పది తోరణపు ఆకులు చేసి, రంగు వేసి, ఇరుగుపొరుగువారికి వెల చెప్పి చూడుడు. పదియు అమ్ముడుపోయినచో జంట అచ్చునకు పూనుకొనుడు, అమ్ముడుపోకున్నచో మీకు పోయినది కొలది రూపాయలే, పండుగనాటికి గుమ్మమునకు తోరణమైనను మిగులును. యంత్రమమ్మ వచ్చినవానితో, ‘ఇంతవఱకు నీవు ఏ యింటి బొమ్మలను తిరిగి కొంటివో ఆ యింటివారిని చూపుము’ అని యడుగుడు. వాడు చూపిన యింటికి స్వయముగా పోయి విచారింపుడు. చూపజాలనిచో వానికి మంచినీళ్లిచ్చి పంపివేయుడు.

ప్లాస్టరు అచ్చులో మట్టి నొక్కి ప్రమిదలు చేయు విధమును వచ్చు మాసమున వివరింతుము. అచ్చులను చేసి చూచిన సోదరీమణులు తమకు ఎదురైన చిక్కులను వ్రాసి పంపినచో, ఈ పుటలలోనే సమాధానము లియ్యగలము.